బొంగరం కూర్చున్న అరగంట

పన్నెండో మంచం మీది పెద్దావిణ్ణి ఎడమ పక్కకి తిప్పి, వీపుకి పౌడరు రాసి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టేసరికి పదకొండయింది. బొంగరం నడుం నిమురుకోలేదు. నడుం నిమురుకునే టైములో పక్క మంచం దుప్పటి సర్దొచ్చు.

అసలు పేరు జీతం చీటీలో ఉంటుంది. వార్డులో మాత్రం అందరికీ బొంగరమే. ఇక నయం కాదని తేలినవాళ్ళని చివరిదాకా చూసుకునే ఆ వార్డులో ఇరవై ఆరేళ్ళుగా ఆయా. పొట్టి మనిషి. సబ్బునీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళు, ఒకవైపే అరిగిన చెప్పులు. మధ్యాహ్నం భోజనం కూడా నిలబడే. "పెళ్ళి ఫోటోలో కూర్చుంది, ఆ తర్వాత కూర్చోగా నేను చూడలేదు" అంటాడు ఆమె మొగుడు.

అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట చదువొచ్చి పడింది. పోయే మనిషి మనసుకి తోడుగా ఎలా ఉండాలి, ఆ పనిలో తను అరిగిపోకుండా ఎలా ఉండాలి అని పది వారాల క్లాసు. మొదటిది ఆమెకి క్లాసు పుట్టకముందే వచ్చు. రెండోదే కొరకరాని కొయ్య. చివరి వారం హోంవర్కు ఏమిటంటే, రోజుకొక అరగంట ఎవరికీ ఏ పనీ చెయ్యకుండా తన కోసం తను కూర్చోవాలి. ఏడు రోజులకీ ఏడు గళ్ళ కాగితం. చూసినవాళ్ళెవరైనా ప్రతి గడిలోనూ సంతకం పెట్టాలి. ఇవాళ నాలుగింటికి కాగితం ఇవ్వకపోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేని ఆయాల్ని లాండ్రీకి పంపేస్తారు. అక్కడ దుప్పట్లుంటాయి గానీ, వాటి కింద మనుషులుండరు.

అందుకే గళ్ళన్నీ నిన్న తనే నింపేసింది. ఇప్పుడు సంతకాలకి కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఆ మంచం మీదాయన టీసీ. ముప్పై నాలుగేళ్ళు రైళ్ళలో టికెట్లు చూసి దిగినవాడు. గుండె బాగా నీరసించింది, నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. టికెట్లకి చిల్లు పెట్టే ఇనప పంచ్‌ని మాత్రం ఇప్పటికీ మందుల బల్ల మీద, చెయ్యి అందే చోటే పెట్టుకున్నాడు.

"బాబాయిగారూ, ఇక్కడ ఏడు సంతకాలు పెట్టండి. చదవక్కర్లేదు."

చదవక్కర్లేదంటే టీసీ చదవకుండా ఉంటాడా? కళ్ళజోడు తగిలించాడు.

"ఆదివారం, కిటికీ దగ్గర కూర్చున్నాను... ఈ కిటికీయేనా?"

"ఆఁ, ఇదే."

"ఆదివారమంతా ఇక్కడ నేనే ఉన్నాను. నువ్వెక్కడున్నావ్?"

"మీరు నిద్రపోయారు కదండీ."

"సోమవారం, మేడ మీద ఎండలో కూర్చున్నాను... సోమవారం వాన."

బొంగరం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది.

"నన్ను లాండ్రీకి తోసేస్తారు బాబాయిగారూ! కూర్చోవడం నా వల్ల కాదండీ. బొంగరం ఆగితే పడిపోతుంది."

"పడితే పడనీ. ఇన్ని మంచాలున్నాయిగా."

ఆమె ఫక్కున నవ్వింది. ఆయన నవ్వుతూనే కలం తీసుకుని ఆరు గళ్ళూ అడ్డంగా కొట్టేశాడు. ఏడోది మిగిలింది. "ఇవాళ్టిది నిజంగా కూర్చో. మధ్యలో దిగావా, మళ్ళీ మొదటి స్టేషన్ నుంచే."

ఒంటిగంటకి ఆయన మంచం పక్క కుర్చీలో కూర్చుంది. ఆరు నిమిషాలకి సింకు దగ్గర కుళాయి కారుతున్న చప్పుడు విని లేచింది. "మొదటి స్టేషన్," అన్నాడు టీసీ. రెండోసారి పదకొండు నిమిషాలు ఓపిక పట్టింది. అంతలో నాలుగో మంచం దుప్పటి జారింది, ఈమె కాలుగాలిన పిల్లిలా అటు పరిగెత్తింది. "మొదటి స్టేషన్." మూడోసారి ఆయన హెడ్‌నర్సుని పిలిచి వార్డుని అరగంటపాటు ఆమెకి అప్పగించాడు. అప్పుడు బొంగరం కుదురుగా కూర్చుంది.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ అవతల ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు. తుడవనీ అనుకుంది, తనేం వెళ్ళి సాయం చెయ్యక్కర్లేదు. ఆ ఆలోచన ఆమెకి భలే హాయిగా తోచింది. కాసేపటికి పెదాలు వాటంతటవే సున్నా చుట్టాయి, సన్నగా ఈల వచ్చింది. ఆడపిల్లకి ఈలేమిటని తల్లి కసిరిన పన్నెండో ఏట ఆగిపోయిన ఈల అది.

టీసీ కళ్ళు మెరిశాయి. "అలా వేస్తే... బండి కదలదు. గట్టిగా."

బొంగరం అటూ ఇటూ చూసింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక్క ఈల వేసింది. వార్డు అద్దాలు గలగలమన్నాయి. పన్నెండో మంచం పెద్దావిడ కళ్ళు తెరిచి, "బండి వచ్చిందా?" అంది.

హెడ్‌నర్సు పరుగున వచ్చింది. "ఎవరది?"

"నేనే," అన్నాడు టీసీ.

అబద్ధపు గడిలో సంతకం పెట్టనన్న మనిషి! దీపం ఊది ఆర్పడానికి కూడా ఆయన దగ్గర ఊపిరి లేదు. హెడ్‌నర్సు ఆయన్నీ, తలవంచుకుని నవ్వుతో ఊగిపోతున్న బొంగరాన్నీ మార్చి మార్చి చూసింది.

"సరే తాతగారూ. కాస్త మెల్లిగా వేసుకోండి."

అరగంట నిండాక ఆయన సంతకం పెట్టలేదు. పంచ్ అందుకుని, రెండు చేతులతో నొక్కి, ఏడో గడికి చిల్లు పెట్టాడు.

నాలుగింటికి ఆ కాగితం పట్టుకుని క్లాసులో నిలబడింది. "మేడమ్, ఆరూ అబద్ధాలు. ఒక్కటే నిజం," అంది.

క్లాసు చెప్పే ఆవిడ చిల్లులోంచి బొంగరాన్ని చూసింది. "ఇరవై రెండు కాగితాలొచ్చాయి. మిగతా ఇరవై ఒక్కళ్ళూ వారమంతా హాయిగా కూర్చున్నారట. మరి వార్డుల్లో పనెవరు చేశారో!" అంది. క్లాసంతా గొల్లున నవ్వుతుండగా మొదటి సర్టిఫికెట్ బొంగరానికే ఇచ్చింది.

బొంగరం రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. కిటికీ మంచం చుట్టూ తెర లాగి ఉంది.

"నువ్వెళ్ళిన కాసేపటికే," అంది హెడ్‌నర్సు. "ఇబ్బంది పడలేదు. చివరగా నన్ను ఒక్కటే అడిగారు, 'నేను ఈల బాగా వేశానా?' అని. చాలా బాగా వేశారు తాతగారూ అన్నాను. నవ్వుకున్నారు."

బొంగరానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ రానిచ్చింది. గోరువెచ్చటి నీళ్ళతో ఆయన ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, ఉతికిన దుప్పటి కప్పింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నింపాల్సిన గడి ఏదీ లేదు. నాలుగో మంచం నుంచి పిలుపు వినబడింది. హెడ్‌నర్సు ఇటు చూసి, తనే వెళ్ళింది.

మందుల బల్ల మీద పంచ్ నోరు తెరుచుకునే ఉంది, పళ్ళ మధ్య ఏడో గడి ముక్క గుండ్రంగా, తెల్లగా ఇరుక్కుని.