మేమిచ్చేసిన కుర్రాడు

మా జట్టు మేనేజరు హార్వీ ష్మిట్కే ఇద్దరు డిఫెన్స్ కుర్రాళ్ళను రెడ్‌ఫెర్న్ జట్టుకు ఇచ్చేసి, బదులుగా గోల్స్ కొట్టడంలో పేరుపడ్డ వాన్ ఊస్టెన్‌ను తెచ్చుకోబోతున్నాడన్న కబురు ఊరందరికంటే ముందు నా కాంటీన్‌లోనే పొక్కింది. అందులో వింతేమీ లేదు. కెస్ట్రల్ లేక్‌లో ఐస్ రింకును ఆనుకుని ఉన్న కాంటీన్ నాది. జనవరిలో పొలాల్లో పనుండదు. గని షిఫ్టు దిగినవాళ్ళకు తిన్నగా ఇంటికి పోబుద్ధి కాదు. అందరూ నా దగ్గరే చేరతారు. తాగేది ఒక్క కాఫీ, మాట్లాడేది కడుపునిండా ఐస్ హాకీ.

ఆ కుర్రాళ్ళలో ఒకడు నోలన్ ఫ్రీసెన్, దక్షిణాది గోధుమ రైతుల పిల్లాడు. రెండోవాడు ఎవరెట్ బాలంటైన్, ఉత్తరాన రోడ్డు ఆగిపోయే చోట ఉండే క్రీ ఆదివాసుల ఊరివాడు. ఇద్దరికీ పదిహేడు నిండలేదు. పైఊళ్ళ నుంచి వచ్చి ఆడే పిల్లల్ని మా ఊరివాళ్ళే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుంటారు. ఎవరెట్ వెల్మా కోస్టియుక్ ఇంట్లో ఉండేవాడు. వెల్మాకు భర్త పోయాడు, పిల్లలు లేరు. హాకీ పిచ్చి మాత్రం మా అందరికంటే ఎక్కువ ఉంది.

"పెరిగే పెయ్యల్ని అమ్ముకుని, వచ్చే ఏడు కబేళాకి పోయే ఎద్దుని కొంటారట్రా ఎవరైనా?" అని బల్ల గుద్దాడు ఓరెస్ట్ డూబిక్. గనిలో పనిచేసి రిటైరైనవాడు. భూమి లోపల యంత్రాల మధ్య అరిచి అరిచి, పైకొచ్చాక కూడా ఆ గొంతు తగ్గలేదు. "వాన్ ఊస్టెన్‌కి జూనియర్స్‌లో ఇదే ఆఖరి ఏడు, ఆపైన వయసు దాటిపోతుంది. మంచు కరగ్గానే సంచీ సర్దుకుపోతాడు. ఆ పిల్లలు ఇంకా మూడేళ్ళు ఆడతారు మనకి."

"మూడేళ్ళకి నువ్వుంటావో నేనుంటానో!" అన్నాడు ఇనప సామాన్ల కొట్టు గార్నెట్ పెల్. "నేను కప్పు చూసి పోదామనుకుంటున్నానయ్యా. మనం కప్పు గెలిచినప్పుడు నేనింకా మా అమ్మ కడుపులో ఉన్నాను."

"అదే నీ తంటా. చూడాల్సిన ఆట చూడకుండా పుట్టావు. హాకీ ఎలా తెలుస్తుంది నీకు?"

"సరే, నీకు తెలుసు కదా, చెప్పు. ఆ పిల్లలు ఎప్పటికి తయారవుతారు?"

"గోల్స్ కొట్టేవాడు మొక్కజొన్న గింజ, వేడి తగిలితే పేలతాడు. డిఫెన్స్‌వాడు దోసకాయ ఊరగాయ. జాడీలో పెట్టాక ఊరే దాకా ఆగాలి. హార్వీకి ఓపిక లేదు. రోజూ మూత తీసి వాసన చూస్తున్నాడు."

అందరం నవ్వాం. అప్పుడే వెల్మా లోపలికొచ్చి, బూట్ల మంచు దులుపుకుని కూర్చుంది. ఎవరెట్‌ను ప్రాక్టీసుకు దింపి వస్తోంది. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. ఆమె ముందు ఆ సంగతి ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

"మార్పిడి గురించేగా? ఆపేశారేం, కానివ్వండి," అంది తనే.

"నువ్వే చెప్పు వెల్మా," అన్నాడు ఓరెస్ట్, తన పక్షాన సాక్షి దొరికినంత సంబరంగా. "ఆ పిల్లాణ్ణి ఇచ్చెయ్యడం అన్యాయం కాదూ?"

"ఇచ్చెయ్యాలి," అంది వెల్మా.

ఓరెస్ట్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. గార్నెట్ కూడా సంతోషించాలో వద్దో తెలియక కప్పులోకి చూశాడు.

"ఏం మనిషివే నువ్వు! రెండు శీతాకాలాలు వాడికి బంగాళదుంప కూరిన పెరోగీలు చేసి పెట్టావు!" అన్నాడు ఓరెస్ట్ తేరుకుని.

"వాడి కడుపు నిండాలని పెట్టాను. కాళ్ళు కట్టెయ్యడానికి కాదు. పోయిన ఆటలో వాడు మంచు మీదికి ఎన్నిసార్లు దిగాడో చూశావా? కూర్చుని కూర్చుని వాడి ప్యాంటుకి బెంచీ అచ్చు పడుతోంది. మన పెద్ద డిఫెన్స్‌వాళ్ళు నలుగురూ బాగా ఆడుతున్నారు, కోచ్ వాళ్ళనెందుకు తీస్తాడు? రెడ్‌ఫెర్న్‌లో డిఫెన్సే లేదు. అక్కడ వాడు దిగిన రోజు నుంచీ ఆడతాడు."

"మన జట్టు సంగతో?"

"మన జట్టు సంగతి చూడ్డానికి మీరంతా ఉన్నారుగా. వాడి సంగతి చూడ్డానికి ఎవరో ఒకరుండాలి."

ఓరెస్ట్ టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. కాఫీ సగం వదిలేసి అతను లేవడం నేనెప్పుడూ చూడలేదు. వెల్మా కప్పు నింపుతూ, నీకు బాధ లేదా అని మెల్లగా అడిగాను.

"బాధ సంగతి నిన్నెవరడిగారే? కాఫీ పొయ్యి."

ఆ వారంలోనే మార్పిడి ఖాయమైంది. కబురు తెలిసిన సాయంత్రం నేను వెల్మా ఇంటికి వెళ్ళాను. వంటింట్లో ఎవరెట్ సంచీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పొడుగాటి పిల్లాడు, ఎప్పుడూ తక్కువే మాట్లాడతాడు. వెల్మాను 'కోకుమ్' అంటాడు. వాళ్ళ భాషలో అమ్మమ్మను అలాగే పిలుస్తారు.

"నేను బాగా ఆడలేదా కోకుమ్?"

"బాగా ఆడావు కాబట్టే వాళ్ళు అడిగారు. పనికిరానివాణ్ణి అడిగి మరీ ఎవరు తీసుకెళ్తారు?"

"మరి వీళ్ళెందుకిచ్చారు?"

"వీళ్ళకి తొందర. నీకు లేదు."

అతను కాసేపు సంచీ జిప్పును అటూ ఇటూ లాగాడు. "నువ్వు కూడా ఇచ్చెయ్యమన్నావట. లాకర్ రూములో అందరూ అనుకుంటున్నారు."

వెల్మా కాదంటుందేమో అనుకున్నాను. చిన్న ఊళ్ళో మాట తిరిగి తిరిగి వంకర పోయిందని చెప్పి తప్పించుకోవచ్చు.

"అన్నాను. నువ్వు ఈ ఇంట్లోనే ఉండాలని నాకుంటుంది. అది నా ఆశ. దానికోసం నువ్వు బెంచీ మీద కూర్చోవాలా?"

పిల్లాడు లేచాడు. జిప్పు మూసి, కోటు తొడుక్కున్నాడు. బయట హారన్ మోగింది. మర్నాడే రెడ్‌ఫెర్న్‌కు ఆట ఉంది, బస్సు కోసం ఆగితే అందదు. నోలన్‌ను వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. ఎవరెట్‌ను దింపుతానని ట్రక్కు తెచ్చినవాడు మరెవరో కాదు, ఓరెస్టే. గుమ్మంలోకి కూడా రాలేదు. వెల్మాతో అతనికింకా మాటల్లేవు. ఎవరెట్ వెళ్తూ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చెయ్యెత్తింది. ట్రక్కు ఎర్ర దీపాలు మలుపు తిరిగాక కూడా ఆ చెయ్యి దించలేదు.

దారిలో జరిగింది ఓరెస్ట్ తర్వాత నాకు చెప్పాడు. సగం దూరం పిల్లాడు కిటికీలోంచి మంచు పొలాల్నే చూస్తూ కూర్చున్నాడట. ఉన్నట్టుండి, "నేను పైకొస్తానని ఆవిడ నిజంగానే అనుకుంటోందా తాతా?" అని అడిగాడట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"ఏం చెబుతాను? ఆవిడతో నేను నా జన్మలో చాలా పందాలు కాశాను బాబూ, ఒక్కటీ గెలవలేదు అన్నాను," అని ఓరెస్ట్ ముక్కు చీదుకున్నాడు. జలుబట.

ఇక వాన్ ఊస్టెన్ సంగతి. ఉన్నదున్నట్టు చెప్పాలి, వాడు గొప్ప ఆటగాడు. వచ్చిన మొదటి ఆటలోనే మూడు గోల్స్ కొట్టాడు. ఫిబ్రవరంతా మా వాళ్ళు వరసగా గెలిచారు. గార్నెట్ కొట్టు ముందు బోర్డు పెట్టి, వాడు గోల్ కొట్టినప్పుడల్లా సుద్దతో గీత గీసేవాడు. నోలన్ రెడ్‌ఫెర్న్‌లో నెల కూడా నిలవలేదు. హాకీ వద్దనుకుని నాన్న పొలానికి వెళ్ళిపోయాడు. "ఇద్దరిలో ఒకడు పోయాడు. రెండోవాడెంతసేపు!" అన్నాడు గార్నెట్. 

వెల్మా మా ఆటలన్నిటికీ వచ్చేది, చప్పట్లు కొట్టేది. మిగతా రోజుల్లో వంటింట్లో కంప్యూటరు పెట్టుకుని రెడ్‌ఫెర్న్ ఆటల వ్యాఖ్యానం వినేది. అందులో ఎవరెట్ పేరు మాటిమాటికీ వస్తోందని మాత్రం చెప్పేది. అతను మాత్రం ఫోను చెయ్యలేదు. ఆమె కూడా చెయ్యలేదు. తనకై తాను చెయ్యాలి, నేను చేస్తే మర్యాదకి మాట్లాడతాడు అనేది.

మార్చిలో ఒక ఆదివారం ఆమె కాంటీన్‌లోకి కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా వచ్చింది. "చేశాడు!" అంది.

"ఏమన్నాడు?" అని అందరం లేచాం.

"నేను చేసే బీట్‌రూట్ చారు లేదూ, ఆ బోర్ష్‌లో వెనిగర్ ఎప్పుడు వెయ్యాలని అడిగాడు. వాడే వండుతున్నాడట, అక్కడ తనుంటున్న ఇంట్లోవాళ్ళందరికీ!" అని, మనవడు పెద్ద పరీక్ష పాసైనట్టు మా అందరి మొహాల్లోకి చూసింది. ఓరెస్ట్ తన పక్క కుర్చీ వెనక్కి లాగాడు. ఆమె వెళ్ళి అందులో కూర్చుంది. అలా వాళ్ళిద్దరికీ మళ్ళీ మాటలు కలిశాయి.

సెమీఫైనల్స్‌లో మాకు ఎదురుపడింది రెడ్‌ఫెర్నే. చెరి సగం ఆటలు గెలిచాక, తేల్చే ఆఖరి ఆట మా రింకులోనే పడింది. అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. కాంటీన్ మూసేసి నేనూ వెళ్ళి వెల్మా పక్కన నిలబడ్డాను. ఆమెకు అటువైపు ఎవరెట్ సొంత అమ్మమ్మ ఆగ్నెస్ కూర్చుంది. ఉత్తరం నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిందావిడ. వెల్మా ఆవిడను కలవడం అదే మొదటిసారి. బెదురుగా పలకరించింది. నా మనవణ్ణి వదిలించుకున్నావా అంటుందేమోనని ఆమె భయం.

ఆగ్నెస్ ఆమెను ఎగాదిగా చూసింది. "నీ మీద నాకు చాలా కోపం," అంది. వెల్మా మొహం పాలిపోయింది. "ఇంటికొచ్చినప్పుడల్లా నా చేపల పులుసు కంటే నీ పెరోగీలే బాగుంటాయంటాడు వాడు." అని పకపకా నవ్వి, తన దుప్పటి సగం వెల్మా మోకాళ్ళ మీద కప్పింది.

మేము చూసిన ఎవరెట్ వేరు, ఆ సాయంత్రం మంచు మీదున్న ఎవరెట్ వేరు. ఒళ్ళు వచ్చింది. తొందరపాటు లేదు. వాళ్ళ కోచ్ అతన్ని దింపుతూనే ఉన్నాడు, అతను అలవకుండా ఆడుతూనే ఉన్నాడు. ఆఖరి నిమిషాల్లో వాళ్ళు ఒక గోల్ ముందున్నారు. అప్పుడు వాన్ ఊస్టెన్, మా ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను అందుకుని మధ్య గీత దాటాడు. అతనికీ గోలు కాసేవాడికీ మధ్య ఒక్క ఎవరెట్ తప్ప ఎవరూ లేరు.

రింకంతా లేచి నిలబడింది. వాన్ ఊస్టెన్ భుజం ఎడమకు వంచి కుడికి తిరిగాడు, ఆ ఎత్తుకు ఆ ఏడు ఎందరో పడిపోయారు. ఎవరెట్ పడలేదు. అతని కళ్ళు కర్ర మీద లేవు, బిళ్ళ మీద లేవు, ఎదుటివాడి గుండెల మీదే ఉన్నాయి. వెనక్కి వెనక్కి జారుతూ, దారి ఇస్తున్నట్టే ఇస్తూ, వాణ్ణి మెల్లగా గోడ వైపుకు తోలుకుపోయాడు. ఇక మూల తప్ప చోటు లేదనగా కర్ర ఒక్కసారి చాచాడు. దెబ్బ లేదు, తోపు లేదు. బిళ్ళ మాత్రం వాన్ ఊస్టెన్ దగ్గర లేదు.

అంతటితో మా ఏడాది అయిపోయింది. గంట మోగింది. జట్లు వరసగా నిలబడి చేతులు కలుపుకుంటున్నాయి. వాన్ ఊస్టెన్ ఎవరెట్ దగ్గర ఆగి, హెల్మెట్ మీద అరచేత్తో తట్టి ఏదో అన్నాడు. అప్పుడు మా వరసలోంచి చప్పట్లు మొదలయ్యాయి. ఓరెస్టేమో అని తిరిగి చూశాను. కాదు, గార్నెట్. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ కొడుతున్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు, తర్వాత అవతలి వైపు, తర్వాత రింకు మొత్తం. ఓడిన ఊరు అలా నిలబడి, ఓడించిన కుర్రాడికి చప్పట్లు కొట్టింది. ఎవరెట్ తలెత్తి జనంలో వెతికాడు. మా వరస కనబడగానే కర్ర పైకెత్తాడు.

"మనవాడే!" అని అరిచాడు ఓరెస్ట్.

"మనవాడేంటయ్యా, మనం ఇచ్చేశాం కదా!" అన్నాడు ఎవడో వెనక నుంచి.

"మనవాడు కాబట్టే ఇచ్చాం. పరాయివాణ్ణి ఇవ్వగలమట్రా!"

ఎవరెట్ తడి జుట్టుతో బయటికొచ్చేసరికి ఇద్దరు ముసలమ్మలూ తలుపు దగ్గరే ఉన్నారు. ముందు ఆగ్నెస్‌కు వంగి మొహం అందించాడు, తర్వాత వెల్మాను రెండు చేతులతో చుట్టేశాడు.  ఆ పిల్లాడికి అదే పెద్ద మాట. వెల్మా అతని కోటు కాలరు సర్దింది.

"రెండో పీరియడ్‌లో ఎడమవైపు వదిలేశావు," అంది.

"నేనూ అదే చెబుదామనుకున్నాను," అంది ఆగ్నెస్.

ఫైనల్‌లో రెడ్‌ఫెర్న్ ఓడిపోయింది. కప్పు మాకూ రాలేదు, వాళ్ళకూ రాలేదు. ఆ మార్పిడి మంచిదా చెడ్డదా అన్నది నా కాంటీన్‌లో ఈనాటికీ తేలలేదు. కానీ ఈ అక్టోబరులో ఒక ఉదయం గార్నెట్ కొట్టు వదిలేసి, టోపీ కూడా లేకుండా రొప్పుకుంటూ వచ్చాడు.

"మన కుర్రాణ్ణి కెప్టెన్ చేశారు! రెడ్‌ఫెర్న్‌లో! ఇప్పుడే రేడియోలో చెప్పారు!"

 వెల్మా కాఫీ ఇంకో గుక్క తాగి, కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఆ, నిన్ననే చెప్పాడు నాకు," అంది.