అంచు వెంట రాసిన పేర్లు

లాండ్రీలో మడత పెట్టే పిల్ల చెయ్యి రోలర్ల మధ్య పడింది. మేస్త్రీ మిషను ఆపి, చేతికి తడిగుడ్డ చుట్టి, పిల్లను గేటు దాకా సాగనంపి, తిరిగొచ్చి మళ్ళీ స్విచ్ వేశాడు. సాయంత్రానికల్లా ఆసుపత్రికి దుప్పట్లు చేరాలట. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇస్త్రీ అక్క చూసిన ఏడో చెయ్యి అది. కోపం రావడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

అన్నాల వేళ అందరూ ఆమె చుట్టూ చేరారు.

"రోలర్లకి చేతులు పడకుండా జాలీ బిగించమని నువ్వెళ్ళి అడగక్కా. నాయకురాలివి నువ్వే."

"నన్నొదిలెయ్యండమ్మా. ఈ మేస్త్రీనీ మనమే నాయకుణ్ణి చేసి పైకి పంపాం. మేస్త్రీ అయి కిందకి దిగాడు. అంతకు ముందు పంపినవాణ్ణి జైల్లో వేస్తే వెంటనే పనిలోకి దిగాం. ఒకణ్ణి ముందుకు తోసి మనం వెనక నక్కడమేనా నాయకత్వం?"

దుప్పట్లకు గుర్తులేసే తాత లేచి, ఎన్ని ఉతుకులకూ పోని తన సిరా తెచ్చాడు. చిరిగిన దుప్పటి పరిచి, నడుమ రాశాడు: జాలీ బిగించేదాకా మిషను తిరగదు.

"ముందు సంతకం ఎవరిది?" అన్నారెవరో.

"ముందూ వెనకా లేకుండా అంచు వెంట రాయండ్రా," అన్నాడు తాత.

నలభై ముగ్గురూ చుట్టూ పేర్లు రాశారు. అందరూ కలిసి తీసుకెళ్ళి ఇస్తే, మేనేజరు ఆ దుప్పటిని రెండుసార్లు తిప్పి చూశాడు.

"మీ నాయకుడెవరు?"

"అందరమూ."

"అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరు?"

"మొయ్యడం సంగతి మాకు చెప్పకండి సార్," అంది ఇస్త్రీ అక్క, ఉండబట్టలేక.

ఆయనకు కావలసింది ఒక నోరు. దొరికింది. గంటలో పోలీసులు వచ్చి ఆమెను గేటు దగ్గర ఆగిన జీపెక్కించారు.

"మీ నాయకురాలు పోయింది. పనిలోకి దిగండి," అని లోపల మేనేజరు అరవడం వినిపించింది. ఆమెకు పాత రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఆ జైలుకెళ్ళినవాడి జీపు సందు దాటకముందే మిషను మోగింది. అందరికన్నా ముందు ఇస్త్రీపెట్టె అందుకున్నది తనే. పిల్లల ఆకలి సాకు చెప్పుకుంది కానీ, ఆ సిగ్గు ఇప్పటికీ చావలేదు.

పనిలోకి పిలిచే గంట మోగింది. ఆమె చెవులు రిక్కించింది. మిషను చప్పుడు లేదు. ఇంకోసారి గంట. అయినా లేదు.

"నీ తర్వాత నాయకుడెవడు?" అన్నాడు కానిస్టేబులు.

"లోపలికెళ్ళి అడగండి బాబూ," అంది ఆమె అలసటగా.

మేనేజరు గొంతు మళ్ళీ వినబడింది. ఈసారి బతిమాలుతోంది.

"ఒక్కరు రండి. ఎవరైనా ఒక్కరు వచ్చి మాట్లాడండి."

ఎవరూ వెళ్ళలేదు.