మొదటి ముద్ద

కృష్ణవేణమ్మకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. నగలు కాదు, పట్టుచీర అసలే కాదు. పొయ్యి మీంచి దించిన కొర్రన్నం పొగలు ఆరకముందే, అందరికన్నా ముందు, తను తినాలి. నవ్వకండి. కాపురానికి వచ్చింది మొదలు ఆవిడ వేడన్నం ఎరగదు. మార్కాపురంలో ఆ ఇంట మామ తినాలి, మరుదులు తినాలి, మొగుడు చెన్నయ్య తినాలి, పిల్లలు తినాలి, జీతగాళ్ళు తినాలి. ఆ తర్వాత కుండ అడుగున మిగిలిన మాడు ఆవిడ వాటా. చెన్నయ్య చెడ్డవాడేం కాదు. రోజూ వడ్డిస్తూ "ఉప్పు సరిపోయిందా?" అని ఆవిడ అడిగేది, ఆయన తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. భోజనాల వేళ వాళ్ళ సంసారంలో మాటలు అంతే.

అవి తెల్లదొరల కాలం, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు. ఆ ఏడు ఎండలు ముదరకముందే సత్యవోలులో ఉండే ఆవిడ పిన్నమ్మ శ్రీశైలం యాత్రకు పోతూ, తన కొట్టంలో సందెదీపం పెట్టడానికి ఎవరినైనా పంపమని కబురు చేసింది. నేను పోతానంది కృష్ణవేణమ్మ, అదీ ఒక్కతే. ఇంటిల్లిపాదీ నోళ్ళు వెళ్ళబెట్టారు. తోడికోడళ్ళు ఇద్దరున్నారు, నాలుగు రోజులు వాళ్ళు ఇంత ఉడకేసి పెట్టలేరా అని అడిగి, ఒక్క కుండ చంకన పెట్టుకుని ఆవిడ బయల్దేరింది.

గిద్దలూరు దాకా రైలు, అక్కణ్ణుంచి ఎద్దులబండి. దారంతా ఆవిడకు పెళ్ళికి పోతున్నంత హుషారు. కొట్టం చిన్నదే, బోదగడ్డి కప్పు, ఎర్రమట్టితో అలికిన అరుగు. తలుపు తీస్తే ఎదురుగా ఏ కాలపు రాజులో కట్టించిన రాతి గుళ్ళు. సాయంత్రం ఎండ వాటి మీద పడుతుంటే కృష్ణవేణమ్మ అరుగు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. మంచినీళ్ళు తెమ్మని ఎవరూ కేకెయ్యలేదు. తనలో తనే నవ్వుకుంది.

మర్నాడు వండుకుని ఆకు ముందు కూర్చుందో లేదో, పక్కింటి కొండమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది. పెళ్ళయిన ఆడది మొగుడూ కొడుకూ తోడు లేకుండా, ఒక్క కుండ పట్టుకుని వచ్చిందంటే ఆ ఊళ్ళో దానికి ఒకటే అర్థం: అలిగొచ్చింది. అలిగినదాన్ని ఒంటరిగా అన్నం తిననివ్వకూడదని, కన్నీళ్ళు కూట్లో పడితే ఊరంతటికీ మంచిది కాదని వాళ్ళ పట్టింపు. ఎదురుగా మనిషి కూర్చుంటే కృష్ణవేణమ్మ చెయ్యి ఊరుకుంటుందా? తన ఆకు అటు జరిపింది. రాత్రికి ఇంకొకామె వచ్చింది. మరుసటి రోజు ఏకంగా ముగ్గురు. ఇంత దూరం వచ్చినా ఆవిడ వాటాకు మళ్ళీ మాడే. నేను అలగలేదు మొర్రో అంటే, అలిగినవాళ్ళంతా అట్లాగే అంటారని ఓదార్చి, పెట్టింది తినిపోయారు.

చివరికి ఆవిడకు ఒళ్ళు మండింది. పిన్నమ్మ తిరిగొచ్చే ముందురోజు సాయంత్రం కొండమ్మను పట్టుకుని ఉన్న మాట చెప్పేసింది.

"అక్కా, నేను అలిగి రాలే. ఒక్క పూటన్నా వేడన్నం నేను ముందు తినాలని వచ్చినా."

కొండమ్మ కొంగు బిగించింది. ఆవిడా అత్తింట మాడు తిన్న మనిషే.

"రేపు నీ వాకిట్లో నేను కూచుంటా. పురుగును గూడ లోపలికి రానీను" అంది.

అన్నట్టే మర్నాడు కర్ర పుచ్చుకుని అరుగెక్కింది. లోపల కృష్ణవేణమ్మ చింతచిగురు పప్పు దించి, కొర్రన్నంలో నెయ్యి పోసి ముద్ద కలిపింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో బండి ఆగింది. అలిగిన పెళ్ళాన్ని మొగుడే వచ్చి, రవికగుడ్డ పెట్టి పిలుచుకుపోవాలి కాబట్టి ఊరివాళ్ళు ఎప్పుడో చెన్నయ్యకు కబురంపారు. పాపం, ఒంటినిండా దుమ్ముతో, చేతిలో రవికగుడ్డతో దిగాడాయన. ఊరందరినీ ఆపగలదు గానీ మొగుణ్ణి కొండమ్మ ఎట్లా ఆపుతుంది? కర్ర పక్కన పెట్టి దారిచ్చింది.

గడపలో నిలబడ్డ ఆయన మొహంలో ఆకలి తెలుస్తూనే ఉంది. కృష్ణవేణమ్మ మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఇన్నేళ్ళ అలవాటు. చేతిలో ముద్ద కేసి చూసుకుంది. ఇప్పుడు లేస్తే ఇక జన్మలో కూర్చోలేనని తెలిసిపోయింది.

"కూచోయ్యా. నేను తిన్నంక నీకు పెడతా."

చెన్నయ్య రవికగుడ్డ ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కృష్ణవేణమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది. ఎంత బాగుందో! సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఇంకో ముద్ద, ఇంకోటి. పెళ్ళాం అన్నం తింటుంటే చూడటం చెన్నయ్యకు అదే మొదటిసారి. చూస్తూ చూస్తూ చూరులోని విసనకర్ర లాగి ఆమెకు విసరసాగాడు.

కాసేపయ్యాక మెల్లగా అడిగాడు.

"ఉప్పు సరిపోయిందా?"

తల ఎత్తితే నవ్వు ఆగదని కృష్ణవేణమ్మ ఎత్తలేదు.

"ఊఁ" అంది.