ఎనిమిదో పాఠం ఎవరిది

సౌభాగ్య రాసిన పుస్తకం సౌభాగ్యకే వాట్సాప్‌లో వచ్చింది, ఒక సలహాతో సహా.

పంపింది ఊరికి అవతలి వైపు మంగ్లాలో ఉండే ఆడపడుచు ఉషారాణి. "వదినా, మన తెలుగు సంఘం సెక్రటరీగారు పిల్లల కోసం ఎంత మంచి పుస్తకం రాశారో చూడు. ఊరికే ఇంట్లో కూచునే బదులు నువ్వూ ఇలాంటిదేదైనా చెయ్యొచ్చు కదా."

సౌభాగ్య తెరిచి చూసింది. అట్ట మీద హంస. పక్కన బ్యాంకు ఉద్యోగి, సంఘం సెక్రటరీ చంద్రమౌళిగారి ఫొటో, హంస కంటే కొంచెం పెద్దది. 'రచన: చంద్రమౌళి. సర్వహక్కులు రచయితవి.' లోపల ఎనిమిది పాఠాలూ ఆవిడవే, కామాలతో సహా.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన పిల్లలు తెలుగులో దెబ్బలాడుకుంటారు, హిందీలో చదువుకుంటారు. తెలుగు అక్షరం చూపిస్తే ముగ్గు అనుకుంటారు. కరోనా రోజుల్లో బళ్ళు మూసేసినప్పుడు, పార్వతీపురంలో డిగ్రీ చదివి ఇక్కడికి కోడలిగా వచ్చిన సౌభాగ్య, ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టింది. హిందీ అక్షరం పక్కన తెలుగు అక్షరం పెట్టి, ఇంట్లో రోజూ జరిగే సంగతులే వాక్యాలుగా రాసి, పీడీఎఫ్ చేసి కాలనీ గ్రూపులో పెట్టేది. బళ్ళు తెరిచినా క్లాసు ఆగలేదు. పక్క స్టేషన్ గతౌరా నుంచి కూడా పిల్లలు చేరారు. పేరు వేసుకోవాలని మాత్రం ఆవిడకి తోచలేదు. వంకాయ కూర మీద ఎవరైనా సంతకం పెడతారా?

ఇప్పుడు పెట్టాలనిపించింది. చాలా గట్టిగా.

"పోనీలే సౌభాగ్యా," అన్నాడు ఆవిడ భర్త, గూడ్సు గార్డు రమణబాబు. "పెద్దాయన. పిల్లలకి అందితే చాలదా?"

"అందింది. ఆయన ఫొటోతో అందింది."

"అచ్ఛా, గొడవ మాత్రం పెట్టకు."

"గొడవా? నేనా?" అందావిడ. ఈ మాట ఎప్పుడు విన్నా రమణబాబుకి ఒళ్ళు కాస్త చల్లబడుతుంది.

సాయంత్రం చంద్రమౌళిగారే ఫోన్ చేశాడు. "అమ్మా, ఆదివారం పుస్తకావిష్కరణ. నాకు సన్మానం కూడా చేస్తామంటున్నారు, వద్దంటే వినరు. మీ పులిహోర లేకపోతే ఎలా?"

"తప్పకుండానండీ. పుస్తకం చూశాను. పాఠాలు నాకు బాగా నచ్చాయి."

"మీరు మెచ్చుకుంటే అదే పదివేలు."

"సభలో ఎవరైనా పిల్ల చేత ఎనిమిదో పాఠం చదివిస్తే నిండుగా ఉంటుందండీ."

"భేష్!" అన్నాడాయన. ఎనిమిదో పాఠంలో ఏముందో ఆయన చూసుకోలేదని ఆ భేష్‌లోనే తెలిసిపోయింది.

ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నిండింది. మండు వేసవిలో చంద్రమౌళిగారు శాలువా కప్పుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. నాలుగో క్లాసు చదివే ఝాన్సీ మైకు ముందు నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"నాన్న నైట్ డ్యూటీ దిగి వచ్చాడు. సాక్సులు ఫ్రిజ్ మీద పెట్టాడు. అమ్మ చూసింది. నాన్న గోడ వైపు చూశాడు."

"సెక్రటరీగారూ, బ్యాంకులో నైట్ డ్యూటీ ఎప్పట్నుంచండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఝాన్సీ ఆగలేదు. "నాయనమ్మ బీపీ మాత్ర చేదు అంది. మాత్రని తులసి కుండీలో వేసింది. తులసికి బీపీ లేదు."

ముందు వరసలో సౌభాగ్య అత్తగారు శాంతాదేవి లేచి నిలబడింది. "ఓలమ్మో! ఇదేటి? నా మాత్రల సంగతి ఈ బాబుకెలా తెలిసింది? మా క్వార్టర్‌లో ఎప్పుడు దూరినాడు?"

"అది... కల్పనండీ," అన్నాడు చంద్రమౌళిగారు. "రచయిత కల్పన."

సౌభాగ్య లేవబోయింది. చెప్పాల్సిన ముక్కలు రెండు రోజులుగా సిద్ధం చేసి పెట్టుకుంది. ఈలోగా పక్క కుర్చీ కిర్రుమంది.

"కల్పన కాదండీ," అన్నాడు రమణబాబు. "ఆ సాక్సులు నావి. ఫ్రిజ్ మాది."

హాలు గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూచోలేదు, నవ్వులు సద్దుమణిగేదాకా ఆగాడు. "రాసింది మా ఆవిడ. ఎనిమిదీ. డ్యూటీ దిగి నేను పడుకుంటే, నాకు మెలకువ రాకూడదని వంటింట్లో గొంతు తగ్గించి చెప్పేది. ఆవిడ పేరుండాలి." చెప్పేసి కూచున్నాడు.

నలుగురిలో నోరు విప్పని మనిషి. సౌభాగ్య సిద్ధం చేసుకున్న ముక్కలతో ఇక పని లేకపోయింది. పెళ్ళిచూపుల్లో కూడా ఈయన ఇంత బాగా కనబడలేదు.

"అరే, గ్రూపులో వచ్చింది కదమ్మా," అన్నాడు చంద్రమౌళిగారు. "ఎవరిదో తెలీలేదు."

"మీది కాదని తెలుసు కదండీ," అంది సౌభాగ్య.

చంద్రమౌళిగారు చెడ్డవాడేం కాదు, శాలువా తీసి ఆవిడకి ఇవ్వబోయాడు.

"ఈ ఎండల్లో శాలువా ఎందుకండీ. అట్ట మార్చండి చాలు," అని సౌభాగ్య మైకు అందుకుంది. "ఎవరైనా ఫోన్‌లోకి దించుకోండి, అచ్చు వేసుకోండి, పాఠాలు చెప్పుకోండి. అమ్ముకోకూడదు. నా పేరు తీసెయ్యకూడదు. అంతే."

చంద్రమౌళిగారు అక్కడే కూచుని ఫోన్‌లోనే అట్ట మీది తన ఫొటో తీసేశాడు. హంసని ఉండనిచ్చి, పేరు మార్చి మళ్ళీ గ్రూపులో పెట్టాడు. కాసేపటికి హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. రచన: సౌభాగ్య. మంగ్లాలో ఉషారాణి ఫోన్ కూడా మోగే ఉంటుంది.

శాంతాదేవి కళ్ళజోడు పెట్టుకుని పక్కావిడకి చూపించింది. "మా కోడలు రాసింది. అందులో నేనూ ఉన్నాను."

పులిహోర వడ్డించేటప్పుడు చంద్రమౌళిగారు ప్లేటుతో వచ్చాడు. "అమ్మా, రెండో భాగం కూడా రాస్తారు కదా?"

"మొదలుపెట్టానండీ. మా ఇంట్లోవాళ్ళు అయిపోయారు. ఈసారి సంఘంలోవాళ్ళ మీద రాద్దామనుకుంటున్నాను."

ఆయన చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.