గడియారాల గంభీరరావు గారి కోటు

పేరు పెట్టింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను, లేకపోతే మా ఆయన పదిమందిలో చెప్పి నా పరువు తీస్తారు.

మాది కుట్టుపని కొట్టు. కోట్లు కుట్టడంలో మా మామగారు అందెవేసిన చెయ్యి. ఆరు నెలల కిందట ఆ చేతులు వణకడం మొదలైంది. ఓ కోటు భుజం వంకరపోతే, కుట్టించుకున్న పెద్దమనిషి కొట్లోనే కేకలేశాడు. వాడి నోరు పడిపోను! ఆ రోజు కత్తెర కింద పెట్టిన మామయ్య మళ్ళీ ముట్టుకోలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం, అన్నం కెలికి లేచిపోవడం.

"నాన్నే కుట్టాలని ఎవరైనా పట్టుబడితే బాగుండు," అన్నారు మా ఆయన.

"ఎవరో ఎందుకొస్తారు? మనమే పుట్టిద్దాం," అన్నాను.

పేరు దగ్గరే గంట పట్టింది. ఆయన చెప్పినవన్నీ వీధిలో పిలిస్తే నలుగురు పలికే పేర్లు. చివరికి నా నోట్లోంచి ఊడిపడింది, గడియారాల గంభీరరావు. నవ్వలేక చచ్చాం. ఆ నవ్వులోనే చీటీ మీద నోటికొచ్చిన కొలతలు గీకి పారేశాను.

"మీరే కుట్టాలట మామయ్యా. ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోరట."

చీటీ రెండుసార్లు చదివి లేచి కూర్చున్నారు. వారం తిరిగేసరికి గుడ్డ కత్తిరించి కచ్చా కుట్లు వేసేశారు. అన్నం మారు వడ్డించమన్నారు కూడా. ఆ మర్నాడే అన్నారు, "అమ్మాయ్, ఆయన్ని ట్రయల్‌కి రమ్మను."

ఒంటి మీద వేసి చూడందే మామయ్య ఏ కోటుకీ పక్కా కుట్టు వెయ్యరు. అదే ఇంట్లో ఉంటూ ఆ సంగతి మర్చిపోయాను చూడండి, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఊళ్ళో లేరు మామయ్యా."

"వచ్చాకే రమ్మను. ఈ కొలతల ప్రకారం చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పాపం, ఇన్నాళ్ళూ ఏ కోటూ సరిపడి ఉండదు ఆ మహానుభావుడికి."

ఇక రోజూ ఉతికిన చొక్కా తొడుక్కుని, మెడలో టేపు వేసుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోవడమే. ఎవరు మెట్టెక్కినా లేచి నిలబడేవారు. నిజం చెబితే మళ్ళీ సూది పట్టరేమోనని నా భయం. చెప్పకపోతే ఆ కుర్చీలోనే ఉండిపోతారు. పదో రోజు ఇక నా వల్ల కాలేదు.

"అలాంటి మనిషి లేడు మామయ్యా. పేరూ నేనే పెట్టాను, కొలతలూ నేనే రాశాను. చెంప పగలగొట్టండి, పడతాను."

ఆయన కోటు ఒళ్ళో వేసుకుని కచ్చా కుట్లు ఒక్కొక్కటే లాగేస్తున్నారు. అయిపోయింది, చేతులారా చెడగొట్టాననుకుని ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడుపు తర్వాత. ముందు లేచి నిలబడు."

"ఎందుకు మామయ్యా?"

"ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. ఊరందరికీ కుట్టావు. కొట్లో కొలతల పుస్తకాలు ఇన్నున్నాయి కదా, ఒక్కదాంట్లోనైనా నీవి ఉన్నాయా?"

లేచి నిలబడ్డాను. ఆ విప్పిన గుడ్డే నా భుజాల మీద వేసి, వణికే చేత్తో గుండుసూదులు పెట్టడం మొదలుపెట్టారు. రెండు గుచ్చుకున్నాయి కూడా. నేను కదల్లేదు.