నెత్తిమీద తొంభై డిగ్రీలు

"అన్నయ్యా, వెనక గది గోడ పగిలింది. నిన్న దారమంత ఉంది, ఇవాళ వేలు పడుతోంది. మా ఆఫీసు ఇంజనీరు గారిని కలిసి ఇందులోనే ఉండొచ్చా, ముందున్న రాతి షెడ్డులోకి మారిపోవాలా అని అడుగు. రేపు నాలుగింటికి చెప్పు. ఓవర్."

ఆదివారం సాయంత్రం మా చెల్లి రేడియోలో అన్న మాటలివి. సరేనమ్మా అన్నాను. ఆ తర్వాత గంటలో చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చెల్లి కొండమీద వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. ఎంత వాన పడింది, గాలి ఎటు వీచింది అని రాసిపెట్టే ఉద్యోగం. మా ఇంటికి నూట అరవై కిలోమీటర్లు, మధ్యలో రెండు కొండల వరసలు. ఆ వారం వానలకి దారి తెగింది. తోటి ఉద్యోగి సెలవు మీద వెళ్ళి కిందే చిక్కుకుపోయాడు. ఫోన్ టవర్ కూలింది, ఆఫీసు వైర్‌లెస్ పిడుగుకి కాలిపోయింది. మిగిలింది సరదాకి పెట్టుకున్న తన సొంత హ్యామ్ రేడియో సెట్టు ఒక్కటే. లైసెన్సు పరీక్ష ఇద్దరం కలిసే రాశాం. తనకి నాకన్నా రెండు మార్కులు ఎక్కువ వచ్చాయని ఇప్పటికీ దెప్పుతుంది.

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుని. అన్నీ నాకే తెలుసనుకోవడం నా జబ్బు. అప్పటికి నెల రోజులుగా యాంటెన్నా గీసే సాఫ్ట్‌వేర్ ఏది మంచిదా అని కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. తీగ పొడవెంత, ఎత్తెంత అని కొడితే సిగ్నలు ఎటు పోతుందో కట్టకముందే చెప్పేస్తుంది. వడపోయగా రెండు మిగిలాయి. ఒకటి మా ఊళ్ళోనే ఉండే, రేడియో పిచ్చున్న లెక్కల మాస్టారు చెప్పింది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, పేజీలకి పేజీలు అంకెలే. రెండోది రంగుల బొమ్మలది.

మాస్టారు రిటైరయ్యాక ఫ్లాటులోకి మారారు. అక్కడ డాబామీద యాంటెన్నా కట్టనివ్వరు. అందుకని కట్టలేని యాంటెన్నాలన్నీ కాగితం మీద కట్టుకుంటుంటారు. "లిఫ్టయ్యా, బొమ్మ చూసి మోసపోకు, అంకెలు చదువు" అన్నారు. చాదస్తం అనుకున్నాను. రంగుల సాఫ్ట్‌వేరే దించుకున్నాను.

అది ఒక నిలువు గొట్టం యాంటెన్నా గీసిచ్చింది. పైనుంచి చూస్తే సిగ్నలు చుట్టూ గుండ్రంగా, చక్కటి ఎర్రటి వలయం. ముచ్చటపడి ప్రింటు తీసి, గోడమీద మ్యాపుకి అంటించాను. మా ఇల్లు నడిమధ్యన, చెల్లి కొండ వలయం లోపల. ఇక దాని గొంతు పక్కగదిలోంచి వచ్చినంత గట్టిగా వస్తుందని నా లెక్క.

ఆదివారం చెల్లితో మాట్లాడాక డాబా ఎక్కి, అయిదేళ్ళుగా అడ్డంగా వేలాడుతున్న పాత తీగని దించేశాను. కొత్త గొట్టం నిలబెట్టి, ఆ తీగనే ముక్కలుగా కోసి దాని మొదట్లో నేలమీద పరిచాను. నిలువు గొట్టం పనిచెయ్యాలంటే అలా తీగల కాళ్ళు కావాలి.

సోమవారం పొద్దున్నే ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మాట పూర్తవకుండానే లేచి నిలబడ్డారు. "ఒక్క పూట కూడా ఉండొద్దనండి. వెనక మట్టి కదిలితే ఆ గది నిలబడదు. రాతి షెడ్డుకి పొమ్మనండి. దారి వెయ్యగానే జీపు పంపిస్తాం. శుక్రవారం అవ్వొచ్చు."

ఇంటికొచ్చి సెట్టు పెట్టగానే సముద్రం అవతలి దేశంవాడు గణగణమంటూ పలికాడు. ఇంకోడు, ఇంకోడు. ఎప్పుడూ వినని దేశాలు వరస కట్టాయి. మా ఆవిడని పిలిచి మరీ వినిపించాను.

నాలుగయింది. చెల్లి పలకలేదు.

"రాతి షెడ్డులోకి వెళ్ళిపో, విన్నావా? ఓవర్." చెవులు రిక్కించాను. బుస్సుమనే చప్పుడు తప్ప ఏం లేదు. ఆరింటిదాకా అదే మాట అన్నాను. బ్యాటరీ అయిపోయుంటుందిలే అని పైకన్నాను. సెట్టు మాత్రం ఆపలేదు.

మంగళవారమూ అంతే. దూరదేశాల వాళ్ళని అడిగాను, ఈ ఫ్రీక్వెన్సీలో ఒక ఆడగొంతు బలహీనంగా వినిపించిందా అని. పాపం, వాళ్ళూ వెతికారు. లేదన్నారు. గొట్టం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. భూమికి అటుచివర ఉన్నవాడు పలుకుతున్నాడు. మరి ఇక్కడున్న చెల్లి పలకట్లేదంటే లోపం గొట్టంలో లేదన్నమాట. ఇంకెక్కడుందో అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. కొత్త గొంతు వినిపించినప్పుడల్లా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయేది.

బుధవారం పనికి వెళ్ళలేదు. మాస్టారింటికి వెళ్ళి, గుమ్మంలోనే అంతా కక్కేశాను.

ఆయన తిట్టలేదు. "గొట్టం కొలతలు చెప్పు" అని అంకెల సాఫ్ట్‌వేర్ తెరిచారు. తెర నిండా వరసలు. "ఇదిగో, నేలనుంచి ఇరవై డిగ్రీల ఎత్తులో బంగారంలా ఉంది. అందుకే దూరంవాళ్ళు వింటున్నారు. మీ చెల్లి నూట అరవై కిలోమీటర్లలోనే ఉంది, మధ్యలో కొండలు. తనకి చేరాలంటే సిగ్నలు దాదాపు నిటారుగా ఆకాశానికెళ్ళి, అక్కడి గాలిపొరకి బంతిలా తగిలి, నిటారుగా దిగాలి. వరసల్లో కిందికి రా. డెబ్బై. ఎనభై. తొంభై దగ్గర ఏముందో చదువు."

చదివాను. మైనస్ 999.99.

"అంటే?"

"అంటే ఏమీ లేదని. నీ నెత్తిమీద పెద్ద బొక్కుంది లిఫ్టయ్యా. మీ చెల్లి అందులో ఉంది. నీ బొమ్మ పైనుంచి చూపించింది. పక్కనుంచి ఒక్కసారి తిప్పి చూస్తే అందులోనూ కనబడేది."

నాకు ఏడుపొచ్చింది. నా తప్పు దొరికినందుకు అంత సంతోషించడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. తప్పు నాదైతే తను బతికే ఉండొచ్చు. ఆ 'ఉండొచ్చు' పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

తీగ ముక్కలన్నీ ఏరి, మెలిపెట్టి, టేపు చుట్టాను. తొందరలో రెండు ముళ్ళు ఊడిపోయాయి. మా ఆవిడ స్టూలెక్కి అవతలి కొస పట్టుకుంది. "ఇది పాత తీగే కదండీ? దీనికోసమా నెల రోజులు కూర్చున్నారు?" అంది. అంటూనే కొస ఇంకాస్త లాగింది. మెట్లగది గోడకీ పిట్టగోడ మీది కర్రకీ అడ్డంగా, అరటిచెట్టంత ఎత్తులో, ఎప్పటిలాగే లాగి కట్టాం. నాలుగవడానికి ఇంకా అయిదు నిమిషాలుంది.

"చెల్లీ. వినిపిస్తోందా? ఓవర్."

బుస్సుమంది. ఇంకోసారి పిలిచాను. మూడోసారి పిలిచి బటన్ వదిలాను.

"అన్నయ్యా!" సన్నగా, తడిగా ఉంది గొంతు. "బతికే ఉన్నావా? మూడు రోజులైంది! నీకేదో అయిందనుకుని చచ్చిపోయాననుకో. ఓవర్."

"నేను బానే ఉన్నాను. నువ్వెక్కడున్నావ్? షెడ్డులోకి మారావా? ఓవర్."

"లేదు. సెట్టూ బ్యాటరీలూ వెనక గదిలోనే బిగించి ఉన్నాయి కదా. నువ్వెప్పుడు పిలుస్తావో అని పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇక్కడే కూర్చుంటున్నాను. గోడలో ఇప్పుడు చెయ్యి పడుతోంది. ఓవర్."

"ఇప్పుడే లే. ఇంజనీరు గారు చెప్పారు, ఆ గది కూర్చుండిపోతుంది. షెడ్డుకి పో. శుక్రవారం జీపొస్తుంది. ఓవర్."

"సెట్టు విప్పుకుని వెళ్తాను, పది నిమిషాలు..."

"సెట్టు వద్దు! గంగలో కలవనీ! లేచి బయటికి నడువు. మళ్ళీ ఆ గదిలోకి రానని చెప్పు. ఓవర్."

"రాను" అంది. "ఉంటా అన్నయ్యా."

ఆ తర్వాత బుస్సుమనే చప్పుడే. వెళ్ళిందో, స్క్రూలు విప్పుతూ కూర్చుందో తెలుసుకునే దారి లేదు. నేనే పొమ్మన్నాను కాబట్టి ఇక పలకకూడదు కూడా. గురువారమంతా సెట్టు పెట్టే ఉంచాను, తన గొంతు రాకూడదని దణ్ణం పెట్టుకుంటూ.

శుక్రవారం మధ్యాహ్నం కొండ దిగాక జీపు డ్రైవరు ఫోన్‌లోంచి చెల్లి మాట్లాడింది. గురువారం పొద్దున వెనక గది మట్టితో సహా జారిపోయిందట. బల్ల లేదు, కుర్చీ లేదు, సెట్టు లేదు. తను షెడ్డు గుమ్మంలో నిలబడి చూసిందట.

"నా సెట్టు పోయింది, తిట్టకు" అంది. వెంటనే, "అవునూ, ఆ మూడు రోజులూ ఎందుకు పలకలేదు?" అంది.

"యాంటెన్నా పాడైంది" అన్నాను.

పాడవలేదు. నేను ఎలా గీసుకున్నానో అచ్చం అలాగే పనిచేసింది. ఆ మాట తనకి ఇప్పటికీ చెప్పలేదు.