పడవ పుస్తకంలో చివరి పదహారు పేజీలు

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. సామెత పిల్లల గురించే అయినా పెళ్లాం విషయంలోనూ పనికొస్తుందని నా అభిప్రాయం. మా ఆవిడ గురించి చెప్పాల్సి వస్తే నేను తగ్గించి చెప్పను. వినేవాళ్లకి ఓపిక లేకపోతే అది వాళ్ల ఖర్మ.

నాది చిత్తు కాగితాల కొట్టు. పాత పేపర్లు, పరీక్షలైపోయిన నోటుబుక్కులు, ఆఫీసుల్లో దులిపి పారేసిన ఫైళ్లు తూకానికి కొంటాను. అందుకే వీధిలో అందరికీ నేను కాటా బాబాయ్‌ని. మా ఆవిడ బట్టలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె మిషన్, మిషన్ బల్ల మీద ఎప్పుడూ ఒక లైబ్రరీ పుస్తకం. గుండీలు కుట్టే పని వస్తే పుస్తకం తెరిచి, పేజీ ఎగరకుండా కత్తెర అడ్డం పెట్టి, చదువుతూనే కుట్టేస్తుంది. ఇంతవరకూ ఒక్క గుండీ వంకరపోలేదు. నేను చూసి చెబుతున్నాను.

లైబ్రరీ మా వీధి చివరే. రెండు గదులు, ఒక వరండా, కాలు విరిగితే ఇటుక పెట్టిన బల్ల. ఇరవై ఏళ్ల కిందట ఆమె అక్కణ్ణుంచి తెచ్చిన ఒక పుస్తకంలో నడుమ ఎనిమిది పేజీలు లేవు. మనమైతే ఎవడో చింపుకుపోయాడని తిట్టుకుని తిరిగిచ్చేస్తాం. ఆమె దాన్ని నా కంచం పక్కన పెట్టి, "ఏమండీ, మీ గోతాల్లో ఇలాంటిది ఇంకోటి ఉందేమో చూడండి," అంది.

"నా దగ్గరికి వచ్చేవి సగం చచ్చిన పుస్తకాలు. అట్ట ఉంటే అడుగు ఉండదు."

"నాకు కావాల్సింది ఎనిమిది పేజీలే కదా."

నాలుగు నెలలకి దొరికింది. మొదటి సగం చెదలు తినేశాయి గానీ ఆ ఎనిమిదీ ఉన్నాయి. చింపి అంటించేద్దామన్నాను. ఒప్పుకోలేదు. అది వేరే ముద్రణట, పేజీ మొదలయ్యే మాట, ముగిసే మాట కలవవట. తెల్లకాగితాలు ఆ కొలతకి కత్తిరించి, గీతలు గీసుకుని, ఆగిన మాట నుంచి మళ్లీ అందుకునే మాట దాకా నల్ల సిరాతో ఎత్తి రాసింది. తెల్లదారంతో మడతలో పెట్టి కుట్టింది. పట్టుకుని చూస్తే కుట్టు ఎక్కడుందో కనపడదు, చేత్తో తడిమితే తెలుస్తుంది. అప్పటి లైబ్రేరియన్ పెద్దాయన ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, బీరువా అడుగునుంచి ఇంకో నాలుగు చిరుగు పుస్తకాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అలా మొదలైన పని ముప్పై ఒక్క పుస్తకాలకి వచ్చింది. నేను గోతాలు వెతకడం, ఆమె రాయడం, కుట్టడం. మాకున్న ఒకే ఒక్క ఉమ్మడి వ్యాపారం అదే, దమ్మిడీ రాబడి లేదు.

అందులో పడవ పుస్తకం సంగతి వేరు. అది ఒక నవల. ఏటి మీద పడవ నడిపే తమ్ముడు, అవతలి ఒడ్డున అన్న. ఇద్దరికీ మాటల్లేవు. ఏటి మీద వంతెన కడుతున్నారు, అది తెరిచాక పడవ ఇక ఉండదు. ఆ చివరి రోజున అన్న పడవెక్కుతాడా, మానేస్తాడా? సరిగ్గా అక్కడ పుస్తకం ఆగిపోయింది. అచ్చులో పదహారు పేజీలు ఒక మడతగా వస్తాయి, కుట్టు తెగితే మడత మడతంతా ఊడిపోతుంది. చదివినవాళ్లంతా పెద్దాయన దగ్గరికొచ్చి తర్వాతేమైందని దెబ్బలాడేవాళ్లట. మూడేళ్లు వెతికాను. దొరకలేదు. ఒకరోజు చూస్తే పుస్తకం నిండుగా లైబ్రరీకి వెళ్లడానికి సిద్ధంగా ఉంది.

"ఎక్కడ దొరికింది?" అన్నాను.

"దొరికిందిలెండి," అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

నేను జీవితంలో మొదటినుంచి చివరిదాకా చదివిన నవల అదొక్కటే. రెండు నెలలు పట్టింది. అన్నదమ్ముల గొడవ కాబట్టి చదివాను. ఎందుకంటే నాకూ ఒక తమ్ముడున్నాడు. మా నాన్న వాడిన కాటా ఎవరికి దక్కాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఆరేళ్లు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కాటా వాడి దగ్గరే ఉండిపోయింది. పెద్దవాణ్ణి, నేనెందుకు వెళ్లాలి అని నా బింకం. పిలవకుండా వస్తే పలచనైపోతానని వాడి బింకం. ఎవరూ తక్కువ తినలేదు.

ఆ పుస్తకం చివర్లో, వంతెన తెరిచిన రోజు, ఊరంతా వంతెన మీద నడుస్తుంటే అన్న రేవులోకి దిగి పడవలో కూర్చుంటాడు. ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోరు. అవతల దిగాక అన్న రేవు రుసుము ఇస్తాడు. తమ్ముడు వద్దనకుండా తీసుకుంటాడు. అంతే. మర్నాడు నేను రెండు కట్టల పాత పేపర్లు భుజాన వేసుకుని మా తమ్ముడి కొట్టుకి వెళ్లి, మా నాన్న కాటా మీద పడేశాను. వాడు నన్ను చూశాడు, కట్టల్ని చూశాడు, తూచాడు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. తీసుకున్నాను. వెనక్కి తిరుగుతుంటే, "అన్నయ్యా, వదిన బాగుందా?" అన్నాడు. ఆ మాటతో ఆరేళ్లూ కొట్టుకుపోయాయి.

ఇంట్లో ఇది పుస్తకం చలవని చెప్పలేదు. తమ్ముడే దారికొచ్చాడని కోతలు కోశాను.

ఏడాది తర్వాత ఒక గోతంలో అదే నవల బయటపడింది. అట్ట లేదు, ముందు వంద పేజీలు లేవు, చివరి పదహారూ మాత్రం పువ్వుల్లా ఉన్నాయి. కొట్టులోనే నిలబడి ఆఖరి పేజీ చదివాను. అందులో అన్న రాలేదు. సాయంత్రం దాకా చూసి తమ్ముడు పడవని ఒడ్డుకి లాగి బోర్లించేస్తాడు. నేను చదివిన ముగింపు అచ్చులోది కాదు, మా ఆవిడది. ఆ పుస్తకాన్ని పాత తూకపు రాళ్ల పెట్టెలో అడుగున పడేసి, పైన రాళ్లు పేర్చాను. ఎనిమిదేళ్లు నోరెత్తలేదు.

పోయిన నెలలో లైబ్రరీకి కొత్త లైబ్రేరియన్ వచ్చింది. చిన్నవయసు, చురుకైన పిల్ల, చేతిలో ఎప్పుడూ ఒక జాబితా. పాత సరుకు తీసేస్తున్నాం, బండి తెమ్మని కబురు చేసింది. వెళ్లాను. వరండాలో నడుమెత్తు గుట్ట. పైన ఉన్నదాన్ని తీస్తే వేళ్లకి కుట్టు తగిలింది. దాని కిందదానికీ కుట్టే. గుట్టలో ఒక వరస వరసంతా తెల్లదారమే.

"ఇవెందుకు తీసేశారమ్మా?"

"చేతిరాత పేజీలున్నవి ఉంచకూడదండీ. చిరిగినవాటి కిందికే వస్తాయి. తూచెయ్యండి."

"నేను తూచను," అన్నాను. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆ మాట అనడం అదే మొదలు. బండి అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తాను.

మా ఆవిడ మెడలో టేపు తీయకుండానే వచ్చింది, సగం కుట్టిన చొక్కా చెయ్యి మిషన్‌కే వేలాడుతోంది. గుట్ట చూసి ఆమె మొహం తెల్లబోయింది. కానీ ఏడ్చే మనిషి కాదు. కొంగు బిగించి, "నేనే ఇవి కుట్టింది," అంది.

లైబ్రేరియన్ మర్యాదగానే మాట్లాడింది. "మీ కష్టం తెలుస్తోందండీ. కానీ ఈ పేజీల్లో ఉన్నది రచయిత రాసిందేనని నేనెలా నమ్మను? చదివేవాళ్లకి జవాబు చెప్పాల్సింది నేను కదా."

"నమ్మొద్దు. చూసుకోండి."

ఆ పిల్ల నిజంగానే చూసింది. గుట్టలో ఒక పుస్తకానికి కొత్త ముద్రణ లోపల బీరువాలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి, ఇరవై పేజీలు మాటమాటా సరిపోల్చింది. నేను వరండా స్తంభానికి ఆనుకుని చెమటలు తుడుచుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం దర్జాగా కుర్చీలో కూర్చుంది. ఒక్క మాట తేడా లేదు, ఒక్క చుక్క కూడా. ఆ పిల్ల తల ఎత్తింది. మొహంలో గట్టిదనం పోయింది.

"అన్నీ ఇలాగే రాశారా?"

ఊఁ అంటే చాలు. ముప్పై ఒక్కటీ లోపలికి వెళ్లిపోతాయి. నేను మనసులో ఊఁ అను, ఊఁ అను అని మొక్కుకుంటున్నాను. మా ఆవిడ లేచి, గుట్ట దగ్గర వంగి, పడవ పుస్తకం బయటికి లాగింది.

"ఇది తప్ప. దీని చివరి పదహారు పేజీలూ నావి. అసలువి దొరకలేదు. మూడేళ్లు చూశాం. చదివినవాళ్లు మధ్యలో వేలాడుతుంటే చూడలేక నేనే రాసి కుట్టాను. పెద్దాయనకి కూడా చెప్పలేదు."

లైబ్రేరియన్ నెమ్మదిగా అంది, "అమ్మా, ఒకటి అబద్ధమైతే మిగతా ముప్పై నేనెలా నమ్మను?"

"ఆ ఒకటీ నా అంతట నేనే చెప్పాను కనక నమ్మాలి," అంది మా ఆవిడ.

చప్పట్లు కొట్టాలనిపించింది. అదే సమయంలో తేలు కుట్టిన దొంగలా కూడా ఉంది నా పరిస్థితి. ఆమె పరువు పణంగా పెట్టి నిజం చెబుతుంటే, నేను రాళ్ల కింద నిజాన్ని దాచుకుని నిలబడ్డాను. "ఇప్పుడే వస్తా," అని కొట్టుకి వెళ్లి, పెట్టె బోర్లించి, ఆ మొండి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"ఇందులో ఉన్నాయి అసలు పేజీలు. ఎనిమిదేళ్లయింది దొరికి."

ఆమె నావైపు చూసిన చూపు వర్ణించను. అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టింది. అది చూసి లైబ్రేరియన్ కూర్చుని, మా ఆవిడ రాసిన పదహారు పేజీలు తెరిచింది. ఇద్దరూ చదువుతున్నారు. నాకు చేసేది లేక బండి చక్రం గాలి చూశాను. రెండుసార్లు చూశాను.

మా ఆవిడ పుస్తకం మూసింది. "ఆయన చాలా బాగా రాశాడు," అంది. "లోకంలో ఇలాగే జరుగుతుంది. చాలామంది రారు." అప్పుడు నావైపు తిరిగింది. "ఎందుకు దాచారు?"

"చూస్తే నీ పేజీలు నువ్వే పీకేస్తావని."

"పీకేసేదాన్నే. అది నా తప్పు కదా. దిద్దుకోనిస్తే మీదేం పోయేది?"

అప్పుడు చెప్పాను. బయటి మనిషి ముందు, పట్టపగలు, వరండాలో నిలబడి. పాత పేపర్ల కట్టలు భుజాన వేసుకుని తమ్ముడి దగ్గరికి ఏ పుస్తకం చదివి వెళ్లానో చెప్పాను. తమ్ముడు దారికి రాలేదని, నేనే మెట్టు దిగానని చెప్పాను. "ముందు అసలుది చదివి ఉంటే, అంతేలే, ఎవరూ రారులే అని ఇంట్లోనే కూర్చునేవాణ్ణి. నువ్వు రాసిందే నన్ను పంపించింది. దాన్నెలా పీకనిస్తాను?"

మా ఆవిడ టేపు చివరని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. మా పెళ్లయి ఇరవై ఏడేళ్లు. ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది మహా అయితే మూడుసార్లు, ఇది నాలుగోది. కానీ తల మాత్రం అంగుళం వంచలేదు.

లైబ్రేరియన్ పడవ పుస్తకం వెనకట్ట తిప్పి, లోపల అతికించిన తేదీల చీటీ చూసింది. ఒకటి నిండిపోతే దాని మీద ఇంకోటి అంటించి ఉంది. తన జాబితా తీసి, చేతిరాత పుస్తకాలన్న వరసకి అడ్డంగా గీత కొట్టింది.

"ముప్పైకి ముప్పై లోపలికే. ఇది కూడా. కానీ ఒక షరతండీ. అసలు పేజీలు ఎత్తి రాసి ముందు కుట్టండి, మీవి వాటి తర్వాత ఉండాలి. రెంటికీ మధ్య ఏది ఎవరిదో రాసి పెట్టండి. చదివేవాళ్లకి తెలియాలి."

నేను ఖాళీ బండి తోసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ దారిలో నేను ఎన్నో బరువులు లాగాను గానీ, ఖాళీ బండితో అంత ఛాతీ విరుచుకుని ఎప్పుడూ నడవలేదు. ఎదురైన ప్రతివాడికీ ఆగి చెప్పాను. మా తమ్ముడి కొట్టు ముందు ఇంకా గట్టిగా చెప్పాను.

వారం రోజుల్లో ఆమె ఆ పదహారు పేజీలూ ఎత్తి రాసింది, మాట పొల్లుపోకుండా. రెండు మడతలూ కుట్టి, నడుమ ఒక కాగితం పెట్టింది. లైబ్రరీకి ఇచ్చే ముందు నాకు చూపించలేదు. నేనే వెళ్లి, లైబ్రరీలో చేరి, నా మొదటి కార్డు మీద ఆ పుస్తకమే తీసుకుని వరండాలో కూర్చుని చూశాను. నల్ల సిరాతో, గీత మీద గీత తప్పకుండా, ఆమె ఇలా రాసింది:

"కథ ఇంతకుముందు పేజీతో అయిపోయింది. అందులో అన్న రాడు. ఇక్కణ్ణుంచి రాసింది బట్టలు కుట్టే మనిషి. ఇందులో అన్న వస్తాడు. ఒకసారి నిజంగానే వచ్చాడు."